ఆగిపోయింది ఏది?

క్యాంపస్‌ సెలక్షన్‌లో ఉద్యోగం వచ్చిందని ఫోన్‌ రాగానే అమ్మ దేవుడి దగ్గర దీపం పెడుతుంది. నాన్న వీధి చివరి స్వీటు షాపుకి బయల్దేరతాడు. 'మావాడు సాఫ్ట్‌వేర్‌' అన్న రెండు మాటలతో ఆ ఇంటికి బంధువుల్లో ఓ మెట్టు మర్యాద పెరుగుతుంది. రెండేళ్లు తిరిగేసరికి ఆ కుర్రాడే ఆదివారం పూట ముభావంగా ఉంటాడు. సాయంత్రమయ్యే కొద్దీ మొహంలో దిగులు. 'ఏమైందిరా?' అంటే 'ఏం లేదు' అంటాడు. నిజమే, ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే అతని బాధ!

జీతం టైముకి పడుతోంది. ఏసీ ఆఫీసు, మెడలో ఐడీ కార్డు. ఇంకేం కావాలి? ఎవరితోనైనా చెప్పుకుందామంటే 'ఈమాత్రం ఉద్యోగం దొరక్క ఎంతమంది తిరుగుతున్నారో తెలుసా?' అంటారు. ఎదుటివాళ్లకి కష్టంలా కనిపించని కష్టం ఇది. అందుకే లోలోపలే ముదురుతుంది.

అబ్బాయిలైనా అమ్మాయిలైనా ఈ దశలో వాడే మాట ఒకటే... 'స్టక్‌ అయిపోయాను' అని. కాస్త నిదానంగా మాట్లాడిస్తే మాత్రం ఒక్కొక్కరి దగ్గర ఆగిపోయింది ఒక్కోటి. అదేంటో తేల్చుకోకుండా కంపెనీ మారడమంటే, నొప్పి ఎక్కడో చూడకుండా మాత్ర మార్చడమే.

కాలేజీలో చెప్పని సంగతి

కాలేజీలో ప్రోగ్రామ్‌ అంటే ఖాళీ పేజీతో మొదలవుతుంది. కంపెనీలో అలా కాదు. కొన్ని నెలల ట్రైనింగ్‌, ఆ తర్వాత ప్రాజెక్టు కోసం బెంచ్‌ మీద ఎదురుచూపులు. చివరికి వచ్చిన ప్రాజెక్టు మనం కోరుకున్నది కాదు, అప్పటికి ఖాళీ ఉన్నది. సర్వీస్‌ కంపెనీల్లో చాలామందికి దక్కేది సపోర్ట్‌ పని. ఎక్కడో అమెరికాలోని ఓ బ్యాంకుదో, బీమా కంపెనీదో ఏళ్లతరబడి నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌. దానికి జ్వరమొస్తే ఇక్కడ 'టికెట్‌' వస్తుంది. చూడాలి, సరిచేయాలి, మూసేయాలి. మర్నాడు మళ్లీ అదే.

కొత్త ఇల్లు కడదామని వచ్చిన మేస్త్రీకి పాత ఇళ్ల మరమ్మతులు అప్పగించినట్టుంటుంది. కానీ ఊళ్లో ఎక్కువగా ఉండేవి పాత ఇళ్లే కదా! సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. ఓ సాఫ్ట్‌వేర్‌కి దాని జీవితకాలంలో అయ్యే ఖర్చులో పెద్ద వాటా తయారీది కాదు, తర్వాతి నిర్వహణది. కాబట్టి సపోర్ట్‌లో పడ్డవాళ్లు చేతకానివాళ్లేం కాదు. ఈ వృత్తి ఎక్కువ భాగం ఎక్కడ నడుస్తుందో అక్కడే ఉన్నారు. ఆ సంగతి ముందుగా ఎవరూ చెప్పలేదు, అంతే.

పనికి మొహం లేదు

మొదటి రకం ఇబ్బంది ఇది. పని జరుగుతూనే ఉంటుంది, అది ఎవరికి ఉపయోగపడుతోందో తెలియదు. 2007లో ఆడమ్‌ గ్రాంట్‌ అనే పరిశోధకుడు తన సహచరులతో కలిసి ఓ అధ్యయనం ప్రచురించాడు. ఓ అమెరికన్‌ యూనివర్సిటీ కోసం ఫోన్లు చేసి విరాళాలు అడిగే ఉద్యోగుల మీద చేసిన ప్రయోగమది. వాళ్లలో కొందరికి, ఆ విరాళాలతో స్కాలర్‌షిప్‌ అందుకున్న ఓ విద్యార్థితో కొద్ది నిమిషాలు మాట్లాడే అవకాశం ఇచ్చారు. నెల తర్వాత చూస్తే వాళ్లు ఫోన్ల మీద గడిపే సమయం, తెస్తున్న విరాళం రెండూ రెట్టింపు దాటాయి. జీతం పెరగలేదు, పని మారలేదు. అవతలి మనిషి కనిపించాడు!

సాఫ్ట్‌వేర్‌లో ఆ అవతలి మనిషి సముద్రాల అవతల ఉంటాడు. మనమే వెతుక్కోవాలి. బీమా సాఫ్ట్‌వేర్‌లో ఒక క్లెయిమ్‌ 'పెండింగ్‌' దగ్గర ఆగిపోయిందంటే, ఆస్పత్రి బిల్లు డబ్బు కోసం ఒక కుటుంబం ఎదురుచూస్తోందని అర్థం. ఈ స్క్రీన్‌ ఎవరు వాడతారు? ఇది పనిచేయకపోతే ఎవరికి ఇబ్బంది? టీమ్‌లోని సీనియర్లని అడగండి. విసుక్కునేవాళ్లు ఒకరిద్దరు ఉండొచ్చు, చెప్పేవాళ్లూ ఉంటారు.

నేర్చుకోవడం ఆగింది

రెండో రకానికి ఓ చిన్న పరీక్ష ఉంది. ఆరు నెలల కిందట చేతకానిది, ఇప్పుడు చేతనవుతున్నది ఏమిటో కాగితం మీద రాయండి. నాలుగు లైన్లు వస్తే మీరు ఆగిపోలేదు, అలసిపోయారు. నాలుగు రోజులు సెలవు పెట్టండి. కాగితం ఖాళీగా ఉంటే మాత్రం ఆలోచించాల్సిందే. ఎందుకంటే ఒకేలా ఉండే చిన్నచిన్న కోడింగ్‌ పనుల్ని ఇప్పుడు ఏఐ టూల్స్‌ కూడా చేసిపెడుతున్నాయి.

అలాగని అమీర్‌పేట పరుగెత్తనక్కర్లేదు. అక్కడి బోర్డుల మీద పేర్లు మారుతూనే ఉంటాయి. మెయిన్‌ఫ్రేమ్స్‌ పోయి జావా వచ్చింది, ఆ తర్వాత టెస్టింగ్‌, క్లౌడ్‌, ఇప్పుడు ఏఐ. పేరు చూసి పరిగెడితే ఆయాసమే మిగులుతుంది. డేటాబేస్‌లు, నెట్‌వర్క్‌లు, ఆపరేటింగ్‌ సిస్టమ్‌... పరీక్ష కోసం బట్టీపట్టి వదిలేసిన ఈ పాఠాలకే ఇప్పుడు అసలు అర్థం తెలుస్తుంది. ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

ఇంకో దారి మీ డెస్క్‌ దగ్గరే ఉంది. పదిసార్లు వచ్చిన టికెట్‌ని పదకొండోసారి మూసేముందు 'ఇది ఎందుకు మళ్లీ మళ్లీ వస్తోంది?' అని తవ్వండి. కారణం దొరికితే రాసిపెట్టండి. చేత్తో చేస్తున్న పనికి చిన్న స్క్రిప్టు రాసి చూడండి. రేపు ఇంటర్వ్యూలో 'ఏం చేశావు?' అంటే చెప్పుకోవడానికి మీకో కథ ఉంటుంది. కంపెనీలోనే వేరే ప్రాజెక్టుకి మారే వీలుందేమో కూడా కనుక్కోండి. బయటి ఉద్యోగం వెతకడం ఆ తర్వాత.

దారే నాది కాదు

మూడో రకం వాళ్లూ ఉన్నారు. ఎంసెట్‌ ర్యాంకు వచ్చింది, సీటు వచ్చింది, ఉద్యోగం వచ్చింది. ఎక్కడా 'నీకిది ఇష్టమేనా?' అని ఎవరూ అడగలేదు. వీళ్లకి కంపెనీ మారినా, జీతం పెరిగినా దిగులు పోదు. అయినా రాజీనామా మొదటి మెట్టు కాకూడదు. పాఠాలు చెప్పడమో, డిజైనో, వ్యవసాయమో... మనసు దేనిమీదుంటే అది మూడు నెలలపాటు శని, ఆదివారాల్లో చేసి చూడండి. వారమంతా అలసిపోయాక కూడా దానికోసం పొద్దున్నే లేవాలనిపిస్తే అది నిజమైన ఇష్టం. లేవాలనిపించకపోతే మీరు కోరుకున్నది ఆ పనిని కాదు, ఈ పని నుంచి విడుదలని!

మానేయాలనే నిర్ణయానికొస్తే లెక్క చూసుకోవాలి. ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉందా? నోటీసు పీరియడ్‌ ఎంత? చాలా కంపెనీల్లో 90 రోజులుంటుంది. చేరేటప్పుడు సంతకం పెట్టిన కాగితాల్లో బాండ్‌ ఉందా? ఐదేళ్ల సర్వీసు నిండకుండా పీఎఫ్‌ డబ్బు తీసేస్తే పన్ను పడొచ్చు. ఉద్యోగంతోపాటు కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా కూడా పోతుంది. ఇంట్లో పెద్దవాళ్ల పేర్లు అందులో ఉంటే, ముందు వాళ్లకో పాలసీ చూడాలి.

అమ్మానాన్నలకో మాట

ఉద్యోగం వచ్చిన రెండో ఏడే ఫ్లాట్‌ బుక్‌ చేయించి ఇరవై ఏళ్ల ఈఎంఐ తగిలించకండి. పెద్ద సర్వీస్‌ కంపెనీల్లో ఫ్రెషర్ల ప్యాకేజీ పదేళ్లకు పైగా రూ.3 లక్షలు, రూ.3.5 లక్షల చుట్టూనే తిరిగింది. ఇంటి అద్దెలు అక్కడే ఆగలేదు. దాని మీద ఈఎంఐ కూడా పడితే ఆ పిల్లలకి మారే దారి మూసుకుపోయినట్టే. పక్కింటివాళ్ల అబ్బాయి హైక్‌తో పోలిక కూడా వద్దు. అందరం సత్య నాదెళ్ల పేరు గర్వంగా చెప్పుకుంటాం. ఆయన మైక్రోసాఫ్ట్‌లో చేరింది 1992లో, సీఈఓ అయింది 2014లో. ఆ మధ్యనున్న 22 ఏళ్ల మాట పిల్లలకి మనం చెబుతున్నామా?

'హైక్‌ ఎంత?' అని అడిగే బదులు 'ఈ వారం ఆఫీసులో ఏం చేశావురా?' అని అడిగి చూడండి. సగం అర్థం కాకపోయినా ఫర్వాలేదు, వినండి.

ఇంకొకటి, ముఖ్యమైనది. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, ఇష్టమైనవి కూడా విసుగనిపిస్తున్నా దాన్ని ఉద్యోగం గొడవ అనుకుని వదిలేయకండి. డాక్టరుకి చూపించండి. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్‌ నంబరు 14416. ఏ వేళ చేసినా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మిగతావాళ్లకి హోంవర్క్‌ ఒకటే. కాగితం మీద మూడు గీతలు గీయండి. పనికి మొహం లేదా? నేర్చుకోవడం ఆగిందా? దారే వేరా? ఒక్కదాని ఎదురుగానే టిక్కు పెట్టాలి. దాని కింద సోమవారం నాడు చేయగలిగిన ఒక్క పని రాయండి. రాజీనామా తప్ప!