ఈ లెక్కలంటే ఎవరికీ లెక్కలేదు

"బ్యాకప్ ఉందండీ, డి డ్రైవ్‌లో పెడుతున్నాం." ఈ జవాబు విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. కొట్లలో వాడే కంప్యూటర్లు చాలావాటిలో డిస్కు ఒక్కటే ఉంటుంది. ఒకే గదికి మధ్యలో తెర కట్టినట్టు, దాన్నే సి అని, డి అని విడదీస్తారు. డిస్కు చెడితే రెండూ ఒక్కసారే పోతాయి. ఈ సంగతి కంప్యూటర్ అమ్మినవాడికి తెలుసు, లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ వేసిచ్చినవాడికి తెలుసు, ఏడాదికోసారి వచ్చి దుమ్ము దులిపి సర్వీసు డబ్బులు పట్టుకెళ్ళేవాడికీ తెలుసు. ఎవరూ చెప్పరు. ఎవరైనా చెప్పబోతే యజమాని "ఇన్నేళ్ళలో ఏం కాలేదు, ఇప్పుడేమవుతుంది?" అని నోరు మూయిస్తాడు.

ఏమవుతుందో 2024 సెప్టెంబరు 1న విజయవాడ చూసింది. బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగింది. డైవర్షన్ ఛానల్ కట్టకు పడ్డ గండ్లు పూడ్చేసరికే 7వ తేదీ వచ్చింది. అన్ని రోజులు నీళ్ళు నిలిచిన కొట్లలో ఒకటి నాకు బాగా తెలిసినది. సిమెంటు, ఇనుము, పైపులు అమ్ముతారు. సీపీయూ బల్ల కింద నేలమీదే ఉండేది. బ్యాకప్ తీసిన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఎక్కడుందనుకున్నారు? అదే బల్ల అడుగు సొరుగులో! అసలూ నకలూ ఒకే బురదలో నానాయి.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఘోరం. డిస్కును మేడమీద ఎండలో ఆరబెట్టారు, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ పెట్టారు, మర్నాడు కరెంటిచ్చారు. హార్డ్ డిస్క్ మూత మీద గాలి ఆడటానికి సన్నటి రంధ్రం ఉంటుంది, దాన్ని మూయొద్దని పక్కనే అచ్చేసి కూడా ఉంటుంది. బురదనీళ్ళు అందులోంచి లోపలికి పోతాయి. తడి ఆరితే ఆ మన్ను లోపలి పళ్ళెం మీద గట్టిపడుతుంది. ఆ పళ్ళేనికి కొద్ది నానోమీటర్ల ఎత్తున తిరగాల్సిన హెడ్, కరెంటివ్వగానే ఆ మన్నుకు కొట్టుకుని పళ్ళేన్ని గీరేస్తుంది. టక్కు టక్కుమని చప్పుడొచ్చింది, అంతే. తడిసిన డిస్కును ఆరబెట్టకూడదు, ఆన్ చేయకూడదు. ఆ తడితోనే గాలి చొరని కవర్లో పెట్టి డేటా రికవరీ ల్యాబుకు పంపాలి. అలా పంపితే కొంతైనా దక్కే అవకాశం ఉంది. వరద వచ్చినప్పుడు పాల ప్యాకెట్ల గురించి, క్లోరిన్ బిళ్ళల గురించి చెప్పారు, చెప్పాల్సిందే. వేల కొట్ల బతుకు ఈ డిస్కుల్లో ఉందని ఒక్క వర్తక సంఘానికైనా తోచలేదా? ఈ నాలుగు మాటలు ఒక్క వాట్సాప్ మెసేజ్‌లో పట్టేవే!

పోయినదేమిటో చెబుతాను. దాఖలు చేసిన రిటర్నులు జీఎస్టీ పోర్టల్‌లో దొరికాయి. స్టేట్‌మెంట్లు బ్యాంకు ఇచ్చింది. తాపీమేస్త్రీలు అరువుకు తీసుకెళ్ళిన సరుకు ఖాతాలు మాత్రం ఈ భూమ్మీద ఇంకెక్కడా లేవు. అరువు ఎగ్గొట్టాలనుకున్నవాళ్ళకు అదృష్టం పట్టింది. నోట్లిచ్చి బాకీ తీర్చేసినవాళ్ళను మళ్ళీ కట్టమన్నారు! రశీదు చూపించమని అడిగారు. రోజుకూలీ మేస్త్రీ రశీదులు ఫైలు కట్టి దాస్తాడా? లెక్క పోగొట్టింది యజమాని, దొంగలా నిలబడింది మేస్త్రీ.

ఇక ఆ లెక్కలు ఎక్కించే అమ్మాయి. ఇంకో డిస్క్ కొనండి, ఇంటికి తీసుకెళ్ళి దాస్తానని ఆమె అడిగింది. కొట్టు లెక్కలు గుమాస్తా ఇంట్లోనా అని కసిరారు. మరి యజమాని ఇంట్లోనైనా పెట్టుకోలేదేం? చివరికి "నీకు గుర్తులేదా?" అని ఆమెనే నిలదీశారు. ఏళ్ళ తరబడి బాకీలు మనిషి తలలో ఉంటాయా!

చట్టం లేక కాదు. జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. కంపెనీలైతే ఖాతా పుస్తకాల బ్యాకప్ ఏ రోజుకారోజు దేశంలోనే ఉన్న సర్వర్లో ఉంచాలని 2022 ఆగస్టులో నిబంధన మార్చారు. ఆ బ్యాకప్ తెరుచుకుంటుందో లేదో వేరే కంప్యూటర్లో పెట్టి చూసినవాళ్ళెందరు?

చిన్న కొట్టువాళ్ళకు తెలియదులే అని సరిపెట్టుకోవడానికీ లేదు. దక్షిణ కొరియాలో ప్రభుత్వోద్యోగుల పని పత్రాలన్నీ ప్రభుత్వ క్లౌడ్ అయిన జి-డ్రైవ్‌లోనే దాచాలని ప్రభుత్వమే చెప్పింది. 2025 సెప్టెంబరు 26న డేజాన్‌లోని ప్రభుత్వ డేటా కేంద్రంలో బ్యాటరీలు అంటుకుని జి-డ్రైవ్‌లోని 858 టెరాబైట్లు బూడిదయ్యాయి. మరీ పెద్దది కాబట్టి బయట బ్యాకప్ పెట్టలేదన్నారు! ఇక్కడే దాచమని చెప్పే అధికారం ఉన్నవాళ్ళకు దాన్ని కాపాడే పూచీ ఉండదా? అక్కడా పత్రాలు పోగొట్టుకున్నది మాట విన్న ఉద్యోగులే.

మన ఆఫీసుల్లో చూడండి. ఎక్స్‌టర్నల్ డిస్క్ వేడెక్కే యూపీఎస్ నెత్తిన ఉంటుంది. ఇరవై నాలుగ్గంటలూ కంప్యూటర్‌కే తగిలించి ఉంటుంది, వైరస్ వచ్చి ఫైళ్ళకు తాళం వేస్తే బ్యాకప్‌కూ తాళం పడుతుంది. 2017 మేలో అలాంటి వన్నాక్రై వైరస్ మన పోలీసు కంప్యూటర్లనే వదల్లేదు. పెన్‌డ్రైవ్ తాళంచెవుల గుత్తిలో అరిగిపోతూ ఉంటుంది. అందులో డేటా నిలిచేది విద్యుదావేశంగా. రేకుల గది వేడికి ఏళ్ళ తరబడి బీరువాలో పడేస్తే అది మెల్లగా కారిపోతుంది. సముద్రపు గాలికి డీవీడీల మీద బూజు పడుతుంది. దేన్నీ తీసి చూసేవాళ్ళుండరు.

అయ్యా యజమానులారా, రెండు డిస్కులు కొనండి. పని కాగానే కేబుల్ పీకండి. ఒకటి ఊళ్ళో ఇంకోచోట, మేడమీద ఇంట్లో పెట్టండి. నెలకోసారి తెరిచి చూడండి. మీరు కొట్టుకు వేయించుకున్న కొత్త బోర్డు ఖర్చులో ఇది ఏ మూలకు? ముందు మాత్రం ఆ అమ్మాయి జీతం ఇవ్వండి. డేటా పోయిందని కోసేసిన రెండు నెలల జీతం ఆమెకింకా రాలేదు.