తెల్లగా కప్పేముందు మరక సంగతి చూద్దాం

ఈ మధ్యకాలంలో పంటినొప్పి లేకుండానే మా దంత విభాగానికి వచ్చేవారు పెరిగారు. ఇది సంతోషించవలసిన విషయమే. అయితే వారిలో చాలామంది, ముఖ్యంగా పెళ్ళీడుకు వచ్చిన పిల్లలు, వారిని వెంటబెట్టుకొచ్చే తల్లులు, ఒకే మాట అడుగుతున్నారు. "ముందు పళ్ళకి తెల్లటి తొడుగులు వేస్తారా?" అని. విశాఖపట్నంలో తెలిసినవాళ్ళు ఎవరో వేయించుకున్నారనీ, ఫోనులో ఫోటోలు చూశామనీ చెబుతారు. వీటినే డాక్టర్లు వెనీర్లు అంటారు. వీటి విషయంలో మా అభిప్రాయం ఏమిటో ఒకసారి వివరంగా చెప్పాలనిపించింది.

వెనీర్ చెడ్డదని మేము అనడం లేదు. కొందరికి అది నిజంగా అవసరం. అయితే మన కొండ ప్రాంతంలో పంటి మీద కనిపించే మరక చాలాసార్లు నోట్లో జరుగుతున్న వేరే సంగతిని చెబుతూ ఉంటుంది. అది ఎందుకు వచ్చిందో తెలుసుకోకుండా దానిమీద పింగాణీ అతికిస్తే డబ్బూ పోతుంది, అసలు జబ్బూ మరుగున పడుతుంది.

వెనీర్ అంటే గోరులాంటి పలచని పింగాణీ రేకు. ముందు పంటి బయటి వైపు దానిని అతికిస్తారు. అది సరిగా కుదరాలంటే సాధారణంగా పంటి పైపొరను, అంటే ఎనామిల్‌ను, అర మిల్లీమీటరు వరకు అరగదీయాలి. అర మిల్లీమీటరే కదా అనుకోవద్దు. చర్మం తెగితే మళ్ళీ వస్తుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది, ఎనామిల్ మాత్రం ఒకసారి పోతే తిరిగి రాదు. ఆ పంటికి ఇక జీవితాంతం ఏదో ఒక తొడుగు ఉండవలసిందే. పింగాణీ వెనీర్ జాగ్రత్తగా వాడితే 10 నుంచి 15 సంవత్సరాలు నిలుస్తుంది. అంటే 20 ఏళ్ళ అమ్మాయికి ఈ రోజు వేస్తే, ఆమె మనవలను ఎత్తుకునేనాటికి రెండు మూడుసార్లు మార్చవలసి వస్తుంది. ఒక్కో పంటికి వేల రూపాయల ఖర్చు. పెళ్ళి ఖర్చులో కలిపి లెక్క చూసేవారు ఈ రెండో లెక్క చూడటం లేదు. కాంపోజిట్ అనే మరో రకం తక్కువ ఖర్చులో, ఒక్క పూటలో అయిపోతుంది. కానీ అది పింగాణీ కంటే త్వరగా రంగు పట్టేస్తుంది, త్వరగా అంచులు రాలిపోతుంది.

ఇక మరకల సంగతికి వద్దాం. మేము చూసే మరకల్లో ఎక్కువ భాగం పంటి పైనే ఉంటాయి, లోపలికి వెళ్ళవు. పొగాకు, టీ, తమలపాకు, పసుపు, రోజూ సరిగా తోమకపోవడం వల్ల పేరుకున్న గార. (కాఫీని ఈ జాబితాలో చేర్చడానికి మనసొప్పడం లేదు. మన అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని అందరం గర్వపడుతున్నాం. అయినా కాఫీ కూడా మరక చేస్తుంది.) ఇటువంటివి ఆసుపత్రిలో ఒకటి రెండుసార్లు క్లీనింగ్ చేస్తే పోతాయి. వెనీర్ అడిగి వచ్చినవారు క్లీనింగ్ తర్వాత అద్దంలో చూసుకుని, ఇక తొడుగుల మాట ఎత్తకుండా వెళ్ళిపోవడం మాకు కొత్త కాదు.

కానీ క్లీనింగ్ అంటే మనవారికి భయం. "క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులైపోతాయట" అనే మాట ఊరూరా ఉంది. ఇది నిజం కాదు. గార గట్టిపడి చిగుళ్ళ కిందికి దిగినప్పుడు చిగురు వాచి, పన్ను పట్టు తప్పుతుంది. అప్పటికే కదులుతున్న పన్నును గార గోడలా ఆనుకుని నిలబెడుతుంది. గార తీయగానే ఆ కదలిక బయటపడుతుంది. నేరం గారది, నింద క్లీనింగ్ మీద.

సంతలో నిమిషంలో పళ్ళు తెల్లబరుస్తామని పొడులు, మందునీళ్ళు అమ్మేవారి దగ్గరకు మాత్రం భయం లేకుండా వెళుతున్నారు. అలా నిమిషంలో తెల్లబరిచేది సాధారణంగా ఆమ్లమో, గరుకు పొడో. మరకతో పాటు ఎనామిల్‌ను కూడా తీసుకుపోతుంది. ఆ తర్వాత పళ్ళు జివ్వుమంటాయి, మునుపటికంటే పచ్చగా కనబడతాయి. ఇటుకపొడి, ఉప్పు, బొగ్గుతో గట్టిగా రుద్దినా జరిగేది ఇదే. పందుంపుల్ల వేసుకునేవారిని మేము తప్పుపట్టం. మెత్తగా నమిలి కుంచెలా చేసుకుని, చిగురు గీరుకోకుండా తోముకుంటే అదీ మంచిదే.

పొగాకు మరక గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మేము ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

ఉత్తరాంధ్ర పల్లెల్లో, ముఖ్యంగా ఆడవారిలో, అడ్డపొగ అలవాటు తరతరాలుగా ఉంది. చుట్ట నిప్పు ఉన్న వైపును నోట్లో పెట్టుకుని పీలుస్తారు. గాలికి ఆరదు, బూడిద బిడ్డ మీద పడదు అని కారణాలు చెబుతారు. నిప్పు వేడీ, పొగా నేరుగా అంగిటికి తగులుతాయి. 1971లో పిండ్‌బోర్గ్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త, మన దేశపు డాక్టర్లతో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామస్తుల నోళ్ళు పరీక్షించి, అడ్డపొగ వల్ల అంగిట్లో వచ్చే మార్పుల గురించి ప్రచురించారు. సాధారణంగా నోటి క్యాన్సర్ అంగిట్లో రావడం అరుదు. అడ్డపొగ తాగేవారిలో అక్కడే వస్తుంది. పళ్ళ లోపలి వైపు నల్లగా ఉంటే, ఆ పళ్ళకు పైన ఉన్న అంగిట్లో తెల్లని మచ్చ, ఎర్రని మచ్చ, చిన్న పుండు ఏమైనా ఉన్నాయేమో చూడాలి. నొప్పి ఉండదు కాబట్టి ఆమెకు తెలియదు.

అందుకే కూతురి ముందు పళ్ళ కోసం వచ్చిన తల్లిని కూడా మేము కుర్చీలో కూర్చోమంటాం. "నాకెందుకు బాబూ, నాకు పెళ్ళి చేస్తారా?" అని నవ్వుతారు. నోరు తెరిచి చూపించడానికి రెండు నిమిషాలు చాలు. రెండు వారాలు దాటినా మానని పుండుగానీ, తుడిచినా పోని తెల్లని, ఎర్రని మచ్చగానీ ఉంటే ఆలస్యం చేయకుండా చూపించండి. ఖైనీ వేసుకునేవారికీ, ఒడిశా వైపు నుంచి వచ్చే గుడాఖుతో పళ్ళు తోముకునేవారికీ ఇదే మాట. గుడాఖులో ఉన్నది పొగాకు. పళ్ళపొడుల్లో, పేస్టుల్లో పొగాకు కలపడాన్ని ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. పొగాకు మానకుండా వెనీర్ వేయించుకుంటే పింగాణీ తెల్లగానే ఉంటుంది, దాని అంచు చుట్టూ మాత్రం నల్లగీత పడుతుంది. పైన మచ్చ పైనే పెరుగుతూ ఉంటుంది.

చిన్నపిల్లల పళ్ళు నల్లబడ్డాయని ఐరన్ సిరప్ మానిపించే తల్లులున్నారు. దయచేసి ఆ పని చేయవద్దు. మన పిల్లలకు రక్తహీనత ప్రమాదం, పంటి మీద నల్లమరక కాదు. ఆ మరక పైపైనే ఉంటుంది, క్లీనింగ్‌తో పోతుంది. సిరప్‌ను నాలుక వెనక భాగంలో పోసి, వెంటనే నీళ్ళు తాగించి, నోరు పుక్కిలింపజేస్తే చాలావరకు పట్టదు. చిగుళ్ళ జబ్బుకు మేమే రాసిచ్చే క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింత మందు కూడా ఎక్కువ రోజులు వాడితే గోధుమరంగు మరక తెస్తుంది. రాసిన రోజులకే వాడి ఆపండి.

ఇక లోపలి మరకలు. ఇవి క్లీనింగ్‌తో పోవు. గర్భిణులకు, ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు టెట్రాసైక్లిన్ మందులు ఇస్తే, తర్వాత వచ్చే పళ్ళు బూడిదరంగు పట్టీలతో వస్తాయి. తాగేనీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైనా అంతే. 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి ప్రాంతాల్లో ఈ ఫ్లోరైడ్ జబ్బును గుర్తించి రాశారు. నల్గొండ పేరు వినగానే ఫ్లోరైడ్ గుర్తుకు రావడం మనందరికీ తెలిసినదే. పలసరలో గోధుమ మచ్చ కనిపించగానే ఇక్కడ కూడా ఫ్లోరైడ్ అనుకోనక్కరలేదు. అనుమానం ఉంటే ఊళ్ళో బోరు నీరు పరీక్ష చేయించాలి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఉండకూడదు. పిల్లల పళ్ళు లోపల తయారయ్యే మొదటి ఎనిమిదేళ్ళే ముఖ్యం. పెద్దయ్యాక నీరు మారిస్తే ఆ మచ్చలు పోవు, కానీ తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ రాకుండా ఆగుతాయి. దెబ్బ తగిలి ఒక్క పన్నే నల్లబడితే అది లోపల చచ్చిన పన్ను కావచ్చు. దానికి ముందు వేరు వైద్యం చేయాలి.

టెట్రాసైక్లిన్ పట్టీలు, ముదిరిన ఫ్లోరైడ్ గుంటలు ఉన్నవారు నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవడం మేము చూస్తూనే ఉన్నాం. హోటల్లో పనికి వెళ్ళినా, టీచరు ఉద్యోగానికి వెళ్ళినా నోరు విప్పాలి కదా. వీరు వెనీర్ అడిగితే అది సోకు అని ఎవరూ వెక్కిరించవద్దు. సంఘంలో పెద్దలు కూడా ఈ మాట గుర్తుంచుకోవాలి. తేలిక మచ్చలకు ముందు బ్లీచింగ్, అది చాలకపోతే కాంపోజిట్, ఆపైన వెనీర్. ఈ వరసలో వెళ్ళే డాక్టరును నమ్మండి. మొదటి రోజే ఎనిమిది పళ్ళు అరగదీద్దామంటే ఇంటికి వెళ్ళి ఆలోచించుకుని రండి.

వేయించుకున్నవారు వాటిని ఎలా చూసుకోవాలో కూడా చెబుతాం. మెత్తని బ్రష్, మామూలు పేస్టు చాలు. బొగ్గు పేస్టు వద్దు, అది పింగాణీ నిగారింపును పోగొడుతుంది. వెనీర్ ఉన్న పన్ను కూడా చిగురు దగ్గర పుచ్చుతుంది, కాబట్టి రాత్రి తోమడం మానవద్దు. బ్లీచింగ్ మందు పింగాణీ రంగును మార్చదు, పక్క పళ్ళనే తెల్లబరుస్తుంది. అందుకని బ్లీచింగ్ ఏదైనా ఉంటే వెనీర్‌కు ముందే చేయించాలి. చెరకు గడ, మొక్కజొన్న పొత్తు, బొంగు చికెన్‌లో ఎముక ముందు పళ్ళతో కొరకవద్దు. సీసా మూతలు, దారాలు, ప్యాకెట్లు పళ్ళతో తీసే అలవాటు మానాలి. నిద్రలో పళ్ళు నూరేవారు ఆ సంగతి ముందే చెబితే రాత్రి పెట్టుకునే తొడుగు ఇస్తారు. ఆరు నెలలకొకసారి చూపించుకోవాలి.

ఒకవేళ వెనీర్ ఊడి చేతిలోకి వస్తే ఫెవిక్విక్ పెట్టి అతికించుకోవద్దు. విశాఖ 115 కిలోమీటర్లు కదా అని కొందరు అదే చేస్తున్నారు. ఆ జిగురు చిగురును కాలుస్తుంది, తర్వాత రేకు సరిగా కూర్చోదు. విరగకుండా ఉంటే చాలాసార్లు అదే రేకును మళ్ళీ అతికించవచ్చు. చిన్న డబ్బాలో దూది పెట్టి, అందులో ఉంచి తీసుకురండి. వచ్చేదాకా ఆ వైపు నమలకుండా, చన్నీళ్ళు తగలకుండా చూసుకోండి.