తప్పు చేతిది కాదు, దారానిది



సెలవులు వచ్చాయంటే ఆడపిల్లలు గళ్ళ గుడ్డ, రంగుదారాలు పట్టుకొని అరుగు మీద చేరతారు. దిండు గలీబు మీద గులాబీయో, గోడకు వేలాడదీసే వాక్యమో క్రాస్ స్టిచ్‌తో మొదలుపెడతారు. నాలుగో రోజుకు దారం చిక్కుపడుతుంది. "నీకు చేతకాదు, లే" అని అమ్మ అంటుంది. గుడ్డ పెట్టె అడుగుకు చేరుతుంది. ఆ మాట మాత్రం పిల్ల మనస్సులో ఉండిపోతుంది. నిజానికి ఈ చిక్కులు చాలావరకు సూది గుచ్చకముందే, దారం కత్తిరించేటప్పుడే మొదలవుతాయి.

మొదటిది పొడవు. మాటిమాటికి సూదికెక్కించే పని తప్పుతుందని పిల్లలు బారెడు దారం తీసుకుంటారు. గుడ్డలో పదేపదే దూరి అది నూగు లేచి, మెలిపడి, ముడిపడుతుంది. 18 అంగుళాలు, అనగా ఒక మూర చాలును. మధ్యమధ్య సూదిని వదిలి వేలాడనిస్తే మెలి తానే విడిపోతుంది.

రెండవది పోగులు. ఎంబ్రాయిడరీ దారంలో సాధారణంగా ఆరు పోగులుంటాయి. అంగుళానికి 14 గళ్ళున్న గుడ్డకు రెండు పోగులు సరిపోతాయి; ఆరూ కలిపి కుడితే పువ్వు ముద్దకడుతుంది. రెంటినీ ఒకేసారి లాగితే మిగిలినవి చిక్కుపడతాయి గనుక, ఒక్కొక్క పోగును విడిగా లాగి తరువాత జతచేయండి. ఈ లెక్కన 8 మీటర్ల దారపు కట్ట 24 మీటర్ల కుట్టుకు వస్తుంది.

మూడవది ముడి. వెనుక వేసిన ముడి ఇస్త్రీ చేసినప్పుడు ముందువైపు ఉబ్బి కనబడుతుంది. దానికి బదులు రెండు మూరల పోగు ఒక్కటి తీసుకొని సగానికి మడిచి, రెండు కొనలను కలిపి సూదికెక్కించండి. సూదిని అడుగునుండి పైకి తెచ్చి, మరల కిందికి దించి, వెనుకనున్న మడతలోనుండి పోనిచ్చి లాగితే దారం నిలుస్తుంది. ముగించేటప్పుడు కొనను వెనుక నాలుగైదు కుట్ల కిందుగా దూర్చి కత్తిరించండి.

నాలుగవది రంగు. ముదురు ఎరుపు, నీలం దారాలను ముందుగా తడిపిన తెల్లగుడ్డతో అద్ది చూడండి. కుట్టిన తరువాత రంగు దిగితే గుడ్డను ఆరనివ్వవద్దు, ఇస్త్రీ చేయవద్దు. నీళ్ళు తేటగా వచ్చేవరకు చన్నీళ్ళలో జాడించండి.

ఇక పై కుట్లన్నీ ఒకేవైపు వాలాలి. ఒకటి తప్పినా విప్పక తప్పదు. విప్పడం సిగ్గుపడవలసిన పని కాదు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 1598వ సంవత్సరం వేసియున్న కుట్టుపని గుడ్డ ఒకటి ఉంది. జేన్ బోస్టాక్ అనే ఆమె కుట్టినది. తేదీ వేసిన ఇంగ్లీషు నమూనా గుడ్డలలో అదే మిక్కిలి పాతది. అందులోనూ కొన్ని బొమ్మలు కుట్టి విప్పిన జాడలు ఉన్నాయి.

కాబట్టి తల్లులారా, ఈసారి దారం చిక్కుపడితే కేకలు వేయకండి. పక్కన కూర్చొని ఆ వరుస ఇద్దరూ కలిసి విప్పండి. తరువాత మూరెడు దారం కొలిచి కత్తిరించడం పిల్లచేతనే చేయించండి.