మగ్గము పక్క కంప్యూటరుకు ఏ కార్డు కొనవలెను?

అట్టల కట్టలకు బదులు అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటరు పెట్టుకొందామన్న ఆలోచన మన నేత కుటుంబాలలోని పిల్లలకు కలుగుచున్నది. సంతోషమే. రాస్‌బెర్రీ పై అనే ఒంటిపలక కంప్యూటరు 2012లో బజారుకు వచ్చినది. హుక్కులను ఎత్తుటకు ఎలక్ట్రానిక్ జాకార్డు వేరే కావలెను. డిజైను దాచి అందించుట, కూలి లెక్కలు, నూలు లెక్కలు, చీరెల ఫొటోలు మాత్రము ఈ పలకే చూచుకొనగలదు. అయితే మామూలుగా దీనిలో సొంత డిస్కు వుండదు. సర్వస్వమూ గోరంత ఎస్.డి. కార్డు మీదనే. ఆ కార్డు కొనబోయినపుడు దుకాణములో చెప్పే మాట ఒక్కటే: వేగము ఎక్కువైనది తీసుకోండి, ధర కొంచెం ఎక్కువ. ఈ సలహా మన పనికి సరిపడదని నా అభిప్రాయము.

ముందు మన లెక్క మనము వేసుకొందాము. 400 హుక్కుల జాకార్డుకు 3,000 అట్టల డిజైను వున్నదనుకోండి. ఒక్కొక్క హుక్కుకు లేచుట, లేవకుండుట అనే రెండే మాటలు. మొత్తము 12 లక్షల చుక్కలు. కంప్యూటరు కొలతలో 1,50,000 బైట్లు. ఫోనులో తీసిన ఒక్క ఫొటోలో ఇటువంటి డిజైన్లు పదైనా పట్టును. 1839లో ఫ్రాన్సు దేశపు లియోన్ పట్టణములో జాకార్డు దొరగారి బొమ్మను పట్టులో నేసినారు. దానికి సుమారు 24,000 అట్టలు, అట్టకు వేయికి పైగా రంధ్రపు చోట్లు పట్టినవి. ఆనాడు లోకము నోరు తెరిచి చూచిన ఆ పనితనమంతా నేడు 3 మెగాబైట్లు!

ఇక మగ్గము వేగము. నిముషమునకు 60 పేకలు పడినా, సెకనుకు ఒక అట్ట, అనగా 50 బైట్లు చాలును. 10వ తరగతి అని ముద్రించిన సాధారణ కార్డు సెకనుకు 10 మెగాబైట్లు, అనగా మన మగ్గము అడిగినదానికి రెండు లక్షల రెట్లు, ఇవ్వగలదు. నాడె కొరకు వేగపు కార్డు కొనుట దండుగ.

అయితే వేగము ఎక్కడా అక్కరలేదని కాదు. కంప్యూటరు లేచునపుడు, వందల ఫొటోల నుండి ఒక చీరె వెదకునపుడు, ఖాతాలు తెరచునపుడు వేగము కావలెను. కాని అది డబ్బా మీద పెద్ద అక్షరాలలో వేసిన వేగము కాదు. ఆ అంకె ఒకే పెద్ద ఫైలును వరుసగా చదువుటకు సంబంధించినది. మనకు కావలసినది చిన్న చిన్న తునకలను అక్కడొకటి ఇక్కడొకటి తీసి వ్రాయగల చురుకు. దానికి గుర్తు ఏ1, ఏ2 అను అక్షరములు. ఏ1 కార్డు సెకనుకు 1,500 చిన్న చదువులు, 500 చిన్న వ్రాతలు చేయవలెనని నియమము. ఏ2కు 4,000, 2,000. అయితే ఏ2 బలమంతా బయటపడవలెనంటే పనులను వరుసలో పెట్టి పంపే పద్ధతి పలకకు కూడా తెలిసి వుండవలెను. పాత పలకలకు అది తెలియదు. వాటికి ఏ1 చాలును. మన ఊళ్ళలో మాట తెలుగు, కచ్చేరి కాగితము కన్నడము, డబ్బా మీది వ్రాత ఇంగ్లీషు. అందుచేత ఈ చిన్న గుర్తు ఎవరి కంటా పడదు.

పలకకు కూడా ఒక హద్దు వున్నది. పై 3 కార్డు నుండి సెకనుకు 25 మెగాబైట్లకు లోపే తీసుకొనగలదు, పై 4 50కి లోపు, పై 5 సుమారు 100 వరకు. సన్నని కాలువకు ఏరు తెచ్చి తిప్పినా పారేది కాలువ పట్టినంతే. పై 4 కలవారు 170 అని వేసిన కార్డు కొన్నచో మిగతా వేగము దుకాణదారుకు ధర్మము చేసినట్లే.

డిజైను గీచుట, ఫొటోలు, లెక్కలు అన్నీ ఒకే పలక మీద నడిపే ఇంటికి ఎస్.ఎస్.డి. డిస్కు మేలు. పై 4లో నీలిరంగు యు.ఎస్.బి. రంధ్రములో పెట్టిన 300 మెగాబైట్ల దాకా వచ్చును. పై 5కు పైన మరొక చిన్న పలక బిగించి ఎన్.వి.ఎం.ఇ. డిస్కు పెట్టిన 400 దాటును. కాని డిస్కు కరెంటు తాగును. పై 5కు 5 ఆంపియర్ల అడాప్టరు లేనిచో యు.ఎస్.బి. రంధ్రములన్నిటికీ కలిపి 600 మిల్లీ ఆంపియర్లే ఇచ్చును. ఫోను చార్జరు పెట్టి, డిస్కు చెడినదని దుకాణము వానితో జగడమాడిన ప్రయోజనము లేదు.

ఇప్పుడు అసలు భయము. బట్లహళ్ళిలో ఎండాకాలపు గాలివాన లేచి కరెంటు పోయిందనుకోండి. ఆ క్షణమున కార్డు మీద వ్రాత జరుగుచున్నచో ఫైళ్ళు చెదరిపోవచ్చును. కార్డు మొత్తమే తెరుచుకొనకపోవచ్చును. అట్ట చిరిగితే ఒక్క అట్ట గుద్దుకొందుము. కార్డు పోతే గ్రాఫు గీచినవానికి ఇచ్చిన కూలి, పండుగ ముందు మగ్గము ఖాళీగా గడపిన దినములు, అన్నీ పోవును. ఏ వేగమూ దీనిని కాపాడదు.

కాబట్టి మగ్గమునకు డిజైను అందించుటకే పలక వున్నచో నా మాట ఇది: పేరున్న కంపెనీ ఏ1 కార్డు, 32 గిగాబైట్లది, రెండు కొనండి. ఒకదాని మీద అన్నీ అమర్చి, సెట్టింగులలో ఓవర్లే అను ఏర్పాటు వేయండి. అప్పుడు వ్రాతలన్నీ తాత్కాలిక జ్ఞాపకములోనే జరిగి, కార్డు ముట్టబడదు. కొత్త డిజైను చేర్చునపుడు మాత్రము ఆ ఏర్పాటు తీసి, చేర్చి, మరల వేయవలెను, కొంచెం చాకిరీయే. రెండవ కార్డు అచ్చు నకలుగా చేసి బీరువాలో పెట్టండి. ఎస్.ఎస్.డి. మీద పెట్టదలచిన డబ్బు బ్యాటరీ మీద పెట్టండి.

నకిలీల సంగతి ఒకటున్నది. 128 గిగాబైట్లని ముద్ర వేసి లోపల 8 మాత్రమే వుండే కార్డులు బజారులో కలవు. నిండేవరకు బాగానే నడిచి, తరువాత వ్రాసినదంతా మాయమగును. ఎఫ్3 అను ఉచిత ప్రోగ్రాము కార్డును అంచు దాకా నింపి, తిరిగి చదివి నిజము చెప్పును. ఈ పరీక్ష ప్రతి ఇంటా చేయుట కష్టము గనుక, నూలు ఉమ్మడిగా తెప్పించునట్లే సంఘమే కార్డులు ఉమ్మడిగా తెప్పించి, పరీక్షించి, సభ్యులకు ఇచ్చుట ఉత్తమము. పరీక్షలో తేలిపోయిన కార్డు వాపసు తీసుకొనవలెనని దుకాణదారుతో ముందే ఒప్పుకొని, ఆ మాట బిల్లు మీద వ్రాయించవలెను.