పద్నాలుగేళ్లు నిండితే బడి బంద్ చేయాలా?

దాచేపల్లి చుట్టుపక్కల సంక్రాంతి వెళ్లిందంటే మిరప కోతలు ముమ్మరం. మార్చి దాకా చేలో చేతినిండా పని. పదో తరగతి పరీక్షలూ ఆ మార్చిలోనే. కూలి ఇంట్లో ఈ రెండూ ఎదురుపడితే ఏది గెలుస్తుందో మేం చెప్పాలా? కర్నూలు పడమటి మండలాల నుంచి పిల్లాజెల్లాతో గుంటూరు వైపు చేలకు వలస వచ్చేవాళ్ల సంగతి మరీ ఘోరం. బడి ఒక జిల్లాలో, బిడ్డ ఇంకో జిల్లాలో!

పేదోడికి చదువు మీద ధ్యాస ఉండదని పెద్దమనుషులు తేలిగ్గా అనేస్తారు. అది పచ్చి అబద్ధమని చేసి చూపించిన మనిషి మన మధ్యే ఉన్నారు. నెల్లూరులో పుట్టి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం చెప్పిన ప్రొఫెసర్ శాంతా సిన్హా. తాత మామిడిపూడి వెంకటరంగయ్య పేరుతో 1981లో పెట్టిన ఎం.వి. ఫౌండేషన్ తరఫున, 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనిలో ఉన్న పిల్లలను బయటికి తెచ్చారు. శిబిరాల్లో నెలల తరబడి చదివించి, వయసుకు తగిన తరగతిలో సర్కారు బడికే పంపారు. పగలు పని, రాత్రి బడి అనే సర్దుబాటుకు ఒప్పుకోలేదు. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నారు. కూలి పోతుందని తెలిసీ తల్లిదండ్రులు పంపారు. మరి అడ్డం ఎవరు? పన్నెండేళ్ల పిల్లను పసిపిల్లల పక్కన ఒకటో తరగతిలో కూర్చోమన్న బడి. కాగితం లేదని గుమ్మంలోనే ఆపిన బడి.

2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు తొలి అధ్యక్షురాలై 2013 దాకా ఉన్నారు. వయసుకు తగిన తరగతి అన్న మాట 2009 విద్యాహక్కు చట్టంలోకీ ఎక్కింది. సంతోషమే. కానీ ఆ చట్టం చేయి పట్టుకునేది 6 నుంచి 14 ఏళ్ల దాకానే. అంటే ఎనిమిదో తరగతి. కమిషన్ లెక్కలో 18 లోపు వాళ్లంతా పిల్లలే. చదువు హక్కు మాత్రం 14 దగ్గర తెగిపోతుంది. ఇదెక్కడి న్యాయం?

పైగా 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి, 14 దాటినవాళ్లను ప్రమాదకరమైన పనుల్లో తప్ప ఎక్కడైనా పెట్టుకోవచ్చన్నారు. అంటే బడి చట్టం చేయి వదిలేసిన నాడే పని చట్టం గేటు తెరిచింది. ఎండుమిరప ఘాటులో రోజంతా వంగి పనిచేసే పిల్లకు ప్రమాదం లేదని రాసినవాళ్లు ఒక్కపూట కల్లంలో కూర్చుంటే తెలుస్తుంది.

కస్తూర్బా బడులను 2018 నుంచి ఇంటర్ దాకా పెంచుకోవచ్చన్నారు. మంచిదే, అవి ఆడపిల్లలకే. 2020 విద్యా విధానం 18 ఏళ్ల దాకా అందరికీ చదువంది. విధానం వేరు, హక్కు వేరు. విధానం పట్టుకుని కోర్టు మెట్లెక్కి సీటు అడగలేం.

మేం అడిగేది రెండే. విద్యాహక్కు 18 ఏళ్ల దాకా చట్టంలో రావాలి. అది వచ్చేలోగా, తొమ్మిది, పది చదివే వలస పిల్లలకు సొంతూళ్లోనే హాస్టల్ పెట్టి, పరీక్ష అయ్యేదాకా నడపాలి. పత్తి తీతలు మొదలు కాకముందే తెరవాలి. పిల్లలు చేలకు వెళ్లిపోయాక, జనవరిలో తాళం తీస్తే ఎవరికి?