గరిట మనది, గుత్త వాళ్లది

ప్రభుత్వ కాంట్రాక్టుల మీద పత్రికలో వార్త వస్తే అదేదో ఇద్దరు గుత్తేదార్ల తగాదా అనుకుని పేజీ తిప్పేస్తాం. తక్కువ ధర వేసింది తానేనని ఒకాయన, ఆయన పెట్టిన అనుభవ పత్రం చెల్లదని ఇంకొకాయన హైకోర్టుకెక్కుతారు. మధ్యలో మనకేం పని అనిపిస్తుంది. కానీ అంగన్‌వాడీకొచ్చే గుడ్డు, పప్పు, నూనె, కల్లంలో ధాన్యం ఎత్తాల్సిన లారీ, ఇవన్నీ ఆ తగాదాల గుండానే మన ఊళ్లకు చేరుతున్నాయి. అందుకే టెండరు కూడా స్త్రీల హక్కుల సమస్యేనని నేను వాదిస్తున్నాను.

2016లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు కోదాడ నుంచి విడివడి సూర్యాపేట జిల్లాలో కొత్త మండలమైన అనంతగిరిని తీసుకోండి. కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కలంతా వరి ప్రాంతం. ఇక్కడ ధాన్యం కొనుగోలు కేంద్రాలు చాలావాటిని మహిళా సంఘాలే నడుపుతున్నాయి. తేమ 17 శాతం దాటిందా, తాలు ఎంత, గన్నీ సంచులు ఎన్ని, ఎవరి కాంటా ఎప్పుడు, ఈ లెక్కలన్నీ సంఘం ఆడవాళ్లవే. వాళ్లకు దక్కేది సర్కారు కట్టిన కమీషన్. బేరం లేదు, పాట లేదు. అదే ధాన్యాన్ని మిల్లుకు మోసే రవాణా పని మాత్రం టెండరులో ఖరారవుతుంది. లారీ రాక కుప్పలు వానకు తడిస్తే రైతు వచ్చి నిలదీసేది కాంటా దగ్గరున్న మనిషిని. కాంట్రాక్టరు ముఖం ఆయనకు తెలియదు.

బడి వంట సంగతీ ఇంతే. సంఘం ఆడవాళ్లే సరుకులు అప్పు తెచ్చి వండుతారు, బిల్లు కోసం నెలల తరబడి ఎదురుచూస్తారు. ప్రాథమిక పాఠశాల పిల్లకు రోజుకు 6 రూపాయల 78 పైసలు, ప్రాథమికోన్నత పాఠశాల పిల్లకు 10 రూపాయల 17 పైసలు. 2025 మే 1 నుంచి అమలు చేస్తూ కేంద్రం కట్టిన వంట ఖర్చు ఇది. వంట మనిషికి 2009లో కేంద్రం నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు 1,000 రూపాయలు. పదిహేనేళ్ల పాటు కేంద్రం దాన్ని పెంచలేదు. రాష్ట్రాలు తమ వాటా కలిపితే కలిపినట్టు, లేకపోతే లేదు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే రాజ్యం గీసిన గీత కనిపిస్తుంది. శ్రమ ఎక్కువ, మిగులు తక్కువ ఉన్న పనికి టెండరు అక్కర్లేదు. అక్కడ స్త్రీల 'సేవాభావం' చాలు. మిగులు ఉన్న చోట మాత్రం టెండరు పెడతారు, గడప ఎత్తు పెంచుతారు.

ఆ గడప ఎలా కడతారో తెలుసుకోవాలి. టెండరుకు సాధారణంగా రెండు కవర్లు. మొదటిది అర్హతలది. గత మూడేళ్ల టర్నోవరు ఎంత, ఇలాంటి సరఫరా ఇంతకు ముందు చేశారా, ధరావతు సొమ్ము కట్టారా, బ్యాంకు గ్యారంటీ ఉందా, సొంత యంత్రాలున్నాయా? ఇది దాటినవాళ్ల రెండో కవరే, అంటే ధర కవరే, తెరుస్తారు. అందులో తక్కువ వేసినవాడిదే పని. కోర్టులో తగాదాలు ఎక్కువగా ఈ కవర్లను ఎలా విలువ కట్టారన్న దాని మీదే. కానీ మన సంఘాలు విలువ కట్టేదాకా రానే రావు. షరతుల కాగితం టైపు చేసిన రోజే బయటకు పోతాయి. మదింపు సక్రమంగానే జరిగిందని అధికారి ప్రమాణం చేసి చెప్పవచ్చు. అది నిజమే కావచ్చు కూడా. గేటు బయట ఎవరిని నిలబెట్టారన్నది మదింపులో కనిపించదు.

న్యాయస్థానాలేమన్నాయి? బొంబాయి విమానాశ్రయంలో ఫలహారశాల టెండరుపై 1979లో రమణ దయారాం శెట్టి కేసులో సుప్రీంకోర్టు ఒక మంచి మాట చెప్పింది. ప్రభుత్వం తాను పెట్టిన షరతును తానే తప్పకూడదు, ప్రజల సంపదను ఇష్టమొచ్చినవాళ్లకు పంచకూడదు అని. 1994లో టాటా సెల్యులార్ కేసులో, 2006లో జగదీశ్ మండల్ కేసులో కోర్టు తన పరిధిని కుదించుకుంది. దురుద్దేశమో, పక్షపాతమో, ప్రజాప్రయోజనానికి దెబ్బో ఉంటే తప్ప జోక్యం చేసుకోనంది. ప్రతి ఓడిన గుత్తేదారూ స్టే తెచ్చి పనులు ఆపకుండా ఇది అవసరమే. కానీ ఈ న్యాయమంతా పోటీదారుకూ పోటీదారుకూ మధ్యది. పోటీలోకే రానివ్వని మనిషి గోడు అందులో ఇమడడం కష్టం.

ఇమిడిన సందర్భం ఒకటుంది. ఆహార హక్కు కేసులో 2004 అక్టోబరు 7న సుప్రీంకోర్టు అంగన్‌వాడీ పోషకాహార సరఫరాకు కాంట్రాక్టర్లను వాడవద్దనీ, గ్రామ సమూహాలకు, స్వయం సహాయక బృందాలకు, మహిళా మండళ్లకు ప్రాధాన్యమివ్వాలనీ ఆదేశించింది. తర్వాత మహారాష్ట్రలో ఏమైంది? కాంట్రాక్టర్లు పోలేదు, పేరు మార్చుకున్నారు. మహిళా సంస్థల బోర్డు వెనక ప్రైవేటు కంపెనీలే ఉన్నాయని సుప్రీంకోర్టు కమిషనర్ల తరఫున 2012లో వచ్చిన నివేదిక తేల్చింది. 2016లో అక్కడ పిలిచిన టెండరు షరతులు చిన్న సంఘాలను బయటే ఉంచేలా ఉన్నాయని 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. వైష్ణోరాణి మహిళా బచత్ గట్ అనే పొదుపు సంఘం నడిపిన పోరాటమది. మన సమాఖ్యల సమావేశాల్లో ఈ తీర్పును చదివి వినిపించాలి.

మనకు ఎదురయ్యే ప్రశ్న నాణ్యత. 'పిల్లల తిండి, చిన్న సంఘాల చేతిలో పెడితే ఎలా?' అంటారు. ప్రశ్న న్యాయమైనదే. పురుగు పట్టిన పప్పుకు ఆడవాళ్లు పంపినంత మాత్రాన మినహాయింపు ఇవ్వలేం. కానీ టర్నోవరు పప్పులో పురుగును పట్టుకోదు. దాన్ని పట్టుకునేది నమూనా పరీక్ష, తల్లుల కమిటీ తనిఖీ, సరుకు దిగిన రోజు తూకం. నాణ్యత కావాలంటే సరుకును పరీక్షించండి, బ్యాంకు ఖాతాను కాదు. పోనీ, టెండరు లేకుండా నామినేషన్ మీద ఇమ్మని అడుగుతున్నామా? అదీ కాదు. నామినేషన్ అంటే స్థానిక నాయకుడి చెల్లెలి సంఘానికి పని పోవడమేనని మనకు అనుభవమే. మేం అడిగేది న్యాయమైన పోటీ.

ఇది కుదిరే పనే. బ్రెజిల్ 2009లో చట్టం చేసి బడి భోజనానికి కేంద్రం ఇచ్చే డబ్బులో కనీసం 30 శాతం చిన్న కుటుంబ సేద్యగాళ్ల దగ్గరే కొనాలంది. ధరను ముందే ప్రకటించి కొనే పద్ధతి పెట్టింది. మన కేంద్ర ప్రభుత్వ శాఖలూ సంస్థలూ తమ కొనుగోళ్లలో 3 శాతం స్త్రీల చిన్న పరిశ్రమల నుంచి తీసుకోవాలని 2018 సవరణ చెబుతోంది. రాష్ట్రాల కొనుగోళ్లకు ఆ నియమం వర్తించదు. షరతులను ముందే పరిశీలించడమూ కొత్త కాదు. 100 కోట్లు దాటిన పనుల టెండర్లను పిలవకముందే న్యాయమూర్తి చూడాలని 2019లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసి, 2024లో రద్దు చేసుకుంది. వందల కోట్ల కట్టడాలకు సాధ్యమన్న పరిశీలన పసిపిల్లల తిండికి ఎందుకు సాధ్యం కాదు?

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. పోషకాహారం, బడి భోజనం సరుకుల టెండరును జిల్లా మొత్తానికి ఒకే ముద్దగా కాక మండలం వారీగా విడగొట్టాలి. సమాఖ్యలకు ధరావతు మినహాయించాలి, టర్నోవరు బదులు పని చేసిన రికార్డు చూడాలి. కొనుగోలు కేంద్రం నడిపిన ఏళ్లను అనుభవంగా లెక్కించాలి. షరతుల ముసాయిదాను తెలుగులో మండల కార్యాలయంలో అతికించి, అభ్యంతరాలకు గడువివ్వాలి. ఎవరికి ఎన్ని మార్కులు, ఎవరిని ఎందుకు తోసేశారో అక్కడే పెట్టాలి. మహిళా సంఘం పేరు మీద గెలిచినవాళ్ల వెనక ఎవరున్నారో విచారించాలి. బిల్లు ఆలస్యమైతే కంపెనీకి ఇచ్చినట్టే వంట మనిషికీ వడ్డీ ఇవ్వాలి.

1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా వేలం పాటలను అడ్డుకున్నారు. పాట ఎవరు గెలిచారని వాళ్లు అడగలేదు, అసలు ఆ పాట ఎవరి బతుకు మీద పాడుతున్నారని అడిగారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాను నిషేధించక తప్పలేదు. ఇప్పుడు వేలం పాట స్థానంలో కంప్యూటరు తెర ఉంది, అరుపుల బదులు సీల్డు కవరుంది. అనంతగిరిలో కాంటా పట్టే చెల్లెళ్లూ, బడిలో గరిట తిప్పే అక్కలూ వెళ్లి అడగాల్సిన ప్రశ్న మాత్రం అదే. మొదటి కవరులో ఏం రాశారో చూపించమని అడుగుదాం. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు చాలు.