నీళ్లు లేని లంక

కిందటి మాఘమాసంలో మా నాన్నగారు కోనసీమ నుంచి ఢిల్లీ వచ్చారు. కుతుబ్ మీనారు వగైరాలన్నీ ఆయన మునుపే చూశారు. ఒక ఆదివారం ఉదయం కాఫీ తాగుతూ, "ఇంత నది ఒడ్డున ఇంత పట్నం కట్టుకున్నారు. హాయిగా ఒక పూట గడిపి రావడానికి ఒక్క లంకైనా లేదా అమ్మాయ్?" అని అడిగారు.

అనువాదం నా వృత్తి కనుక మాట దగ్గరే ఆగిపోయాను. ఆయన అడిగింది ద్వీపం కాదు, లంక. నది తెచ్చి పోసిన ఒండ్రుతో లేచి, వరదకు మునిగి, నీరు తీయగానే మళ్లీ పంటకు వచ్చే నేల. ఇంగ్లీషు వారు రెంటినీ ఒకే మాటతో సరిపెట్టుకుంటారు. బొంబాయి వారికి ఎలిఫెంటా ఉంది. బెజవాడ వారికి భవానీ ద్వీపం ఉంది. ఢిల్లీ వారికి? ఆలోచించగా ఒకటి స్ఫురించింది: సలీంగఢ్.

షేర్షా కుమారుడు ఇస్లాం షా సూరీ 1546లో యమున నడుమనున్న ఒక లంక మీద ఈ కోట కట్టించాడు. జహంగీరు దానికి వంతెన వేయించాడు. 1639లో షాజహాను దాని పక్కనే ఎర్రకోటకు పునాది వేశాడు. ఔరంగజేబు కాలంలో అది చెరసాల అయింది. 1945 తరువాత ఆజాద్ హింద్ ఫౌజు వీరులను కూడా అక్కడే బంధించారు. కాలక్రమాన యమున తూర్పుకు జరిగింది. నీరు పారిన చోట రింగు రోడ్డు వచ్చింది. లంక మిగిలింది, నీళ్లు పోయాయి.

అక్కడికి వెళ్లదలచిన వారు చలికాలం ఎంచుకోవాలి. సోమవారం ఎర్రకోటకు సెలవు. లాల్ కిలా మెట్రో స్టేషనులో దిగి, ముందు ఎర్రకోట తూర్పు అంచున కాసేపు నిలబడితే, ఒకనాడు నది ఆ గోడల కిందుగా పారిన వైనం ఊహకు అందుతుంది. తరువాత రింగు రోడ్డు వైపు నుంచి సలీంగఢ్ బురుజులు చూసి, యమునా బజారు ఘాట్‌కు నడవవచ్చు. శీతాకాలంలో అక్కడికి దూరదేశాల నుంచి తెల్లని గల్ పక్షులు వస్తాయి, పడవలూ ఉంటాయి. నీటి రంగు, వాసన మాత్రం మనసును నొప్పిస్తాయి. పులిహోర పొట్లం విప్పడానికి ఘాట్ కంటె ఎర్రకోట బయటి పచ్చికే మేలు.

నాన్నగారు సలీంగఢ్ గోడ మొదట్లోకి చాలాసేపు చూసి, "నీళ్లు మళ్లీ ఎప్పుడైనా వచ్చాయా?" అన్నారు.

వచ్చాయి. 2023 జూలై 13న యమున 208.66 మీటర్లకు పెరిగి, 1978 నాటి 207.49 మీటర్ల రికార్డును దాటింది. రింగు రోడ్డు ఏరయింది. ఎర్రకోట గోడను నీరు తాకింది. ఒడ్డున కూరగాయలు పండించుకునే కుటుంబాలు పిల్లాపాపలతో రోడ్ల పక్క గుడారాల్లో తలదాచుకున్నాయి. ఇదంతా చెప్పాను.

ఆయన ఆశ్చర్యపోలేదు. 1986 ఆగస్టు గోదావరి వరదను కళ్లారా చూసినవారు. "మన లంకలో ఇల్లు కట్టేవాడు ముందు ఎనభైయారు నీళ్లు ఎంతదాకా వచ్చాయో అడిగి, ఆ పైన అరుగు ఎత్తిస్తాడు. ఇక్కడివారు ఎవరిని అడుగుతారు?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. ఢిల్లీలో ఇన్నేళ్లుగా ఉంటున్నాను. మా పేట నేల యమునకు ఎంత ఎత్తున ఉందో నేనెన్నడూ ఎవరినీ అడగలేదు.

మీరు పిల్లలతో సలీంగఢ్ వెళితే, రాజుల పేర్లతో పాటు 2023లో నీరు ఎక్కడిదాకా వచ్చిందో కూడా చూపించండి. ఆ రోడ్డు ఒకప్పుడు నది అని వారికి తెలియాలి. ఎప్పుడో ఒకనాడు వారూ ఇల్లు కట్టుకుంటారు.